పదకొండు ఇళ్ళు, ఒకే పొయ్యి

సభాధ్యక్షులు ఆదినారాయణ మాస్టారికి, నెల్లూరు వైద్య కళాశాల నుంచి వచ్చిన ఆచార్యులకు, ఉదయగిరి నుంచి బస్సు మాట్లాడుకుని వచ్చిన చెక్కపని వాళ్ళకు, మా ఆత్మకూరు మిత్రులకు నమస్కారం. నా పేరు వెంకటరమణయ్య. విత్తనాల కొట్టు నాది. ఈ రోజు పదవీ విరమణ చేయవలసిన డాక్టర్ వసంతకుమారి భర్తను.

ఆమె చివరి రోజు గురించి చాలామంది అడుగుతున్నారు, ముందు అది చెప్తాను. జూన్ తొమ్మిది. పొద్దున రెండు చెంచాల రాగిజావ తాగింది. పదింటికి కిటికీ తెరవమంది. పదకొండింటికి లాప్‌టాప్ తెమ్మని, తను చెప్తుంటే నా చేత ఒక ఉత్తరం టైపు చేయించింది. చదివి వినిపించమంది. ఒకచోట ‘బహుశా’ అని ఉంటే తీసేయమంది. అన్నం వద్దంది. మూడూ నలభైకి పోయింది. క్లోమంలో కాన్సర్. గుండె మాత్రం చివరిదాకా బాగానే పనిచేసిందని డాక్టరు చెప్పారు.



ముప్పై ఒక్క ఏళ్ళలో ఆమె నలభై మూడు పరిశోధన వ్యాసాలు రాసింది. నేను ఒకటి చదవడం మొదలుపెట్టాను. మొదటి పేజీలో నాకు అర్థమైనవి రెండే, ఆమె పేరు, ఉదయగిరి పేరు. (నవ్వులు) ఆమె పోయాక, శిష్యురాలు ఇందు మా ఇంటికి వచ్చి, ఆ వ్యాసాలను ఎవరెవరు తమ వ్యాసాల్లో ఉటంకించారో కంప్యూటర్లో చూపించింది. రెండువేల మూడు వందల పైచిలుకు. ఒక్క ఉప్పు వ్యాసానికే ఆరు వందల పద్నాలుగు. ఫిన్లాండు, పెరూ, కెన్యా, ఇంకా నేను అట్లాసులో వెతుక్కోవలసిన ఊళ్ళు. రోజూ ఏడింటి బస్సుకు నెల్లూరు వెళ్ళి, సాయంత్రం వచ్చి చారు పెట్టిన మనిషి. ఆమె మాట ఆధారంగా తమ మాట చెప్పుకున్న వాళ్ళు ప్రపంచంలో అన్నిచోట్ల ఉన్నారని నాకు తెలియదు. ఆ పట్టిక ముందు నేను లేచి నిలబడ్డాను.

ఆ ఉప్పు వ్యాసం సంగతి. ఉదయగిరిలో రెండు వందల పద్నాలుగు ఇళ్ళు. సగం ఇళ్ళకు సోడియం తగ్గించిన ఉప్పు ఇచ్చారు, సగం ఇళ్ళకు మామూలు ఉప్పు. ఏడాది తర్వాత రక్తపోటు కొలిచారు. కొత్త ఉప్పు ఇళ్ళలో తగ్గింది. వ్యాసం అచ్చయింది, పేరొచ్చింది. ఏడేళ్ళు గడిచాయి.

పోయిన జనవరిలో ఆమె ఊరికే చూసి వద్దామని, ఆ ఇళ్ళలో ఒకటైన ఆదిశేషమ్మ ఇంటికి వెళ్ళింది. ఇక్కడే మూడో వరసలో కూర్చుంది ఆదిశేషమ్మ, చెక్క చెంచాలు నునుపుగా అరగదీస్తుంది. మధ్యాహ్నం ఆ వీధి ఆడవాళ్ళంతా ఒకే ఇంట్లో భోజనానికి కూర్చున్నారు. మా ఆవిడ ఆశ్చర్యపోయింది. ఇంటికొచ్చి నాకు చెప్పిన మాటలు ఇవి.

“రోజూ ఇట్లాగేనా?”

“ఏందమ్మా, ఎవురింట్లో వాళ్ళు వండుకుంటా కూచుంటే చెంచాలు ఎవురు అరగదీస్తారు? దినానికొక ఇంట్లో వండుతాం. మా అత్త కాలం నుంచీ ఇంతే.”

“మరి ఉప్పు మారిస్తే చెప్పమన్నాం కదా?”

“మార్చలేదే! మా ఇంట్లో వండిన దినం మీరిచ్చిన ఉప్పే వేసినాం. ఏ ఉప్పు వాడతా ఉండావని అడిగినారు, చెప్పినాను. ఎక్కడ తింటా ఉండావని అడిగినారా?”

(నవ్వులు) తప్పు నీది కాదు, ఆదిశేషమ్మా. తల దించుకోవద్దు. ‘అడగనిది మేమే’ అని మా ఆవిడ ఆ రాత్రి భోజనం దగ్గర నాతో అంది.

ఆ వీధిలో పదకొండు ఇళ్ళు. ఆరింటికి కొత్త ఉప్పు, ఐదింటికి మామూలు ఉప్పు, అందరూ తిన్నది మాత్రం ఒకే కుండలోది. ఆ ఇళ్ళను తీసేసి ఆమె మళ్ళీ లెక్క వేసింది. ఫలితం నిలిచింది గానీ, వ్యాసంలో రాసినంత ధీమాగా చెప్పడానికి లేదు. ఆ సంగతి వ్యాసం అచ్చేసిన పత్రికకు తెలియజేసే సవరణే చివరి రోజు నేను టైపు చేసిన ఉత్తరం.

ఆ వ్యాసంలో రెండో పేరు డాక్టర్ పెంచలప్రసాద్‌ది. ఈ సభ ఏర్పాటు చేసింది కూడా అతనే, అందుకు నా కృతజ్ఞతలు. నిన్న ఇంటికి వచ్చాడు. “సార్, ఆ ఉత్తరం పంపితే మేడం పేరుకు మచ్చ వస్తుంది. జ్ఞాపిక మీద ఆరు వందల పద్నాలుగు అని చెక్కించినాం. ఇప్పుడెందుకు సార్? వదిలేద్దాం” అన్నాడు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అతను ఆమె మీద ప్రేమతోనే అన్నాడని నాకు తెలుసు. నాకు కూడా ఒక పూట అలాగే అనిపించింది. ఆమెకు ఇంక మిగిలింది పేరే కదా అని.

రాత్రంతా ఆ అంకె గురించి ఆలోచించాను. మీరు దాన్ని ఆమెకు దక్కిన గౌరవంగా చెక్కించారు. ఆమె దాన్ని అలా చూడలేదనుకుంటాను. ఆరు వందల పద్నాలుగు చోట్ల తన మాటను నమ్మారు. నమ్మిన వాళ్ళందరికీ నిజం చెప్పాలి. అంతమందికి చెప్పాలి కాబట్టే, అన్నం మింగుడు పడని రోజున ఆ ఉత్తరం రాయించింది. నలభై మూడు వ్యాసాలు రాసిన మనిషిని చూసి నేను లేచి నిలబడ్డానన్నాను. ఆ ఉత్తరం చూస్తే నాకు కూర్చోవడానికే ధైర్యం చాలడం లేదు.

జ్ఞాపిక తీసుకుంటాను. మా ఇంట్లో ఉంటుంది. ఇంత దూరం వచ్చిన మీ అందరికీ, ఆమెను తమ ఇళ్ళలోకి రానిచ్చిన ఉదయగిరి వాళ్ళకు నా కృతజ్ఞతలు. ఇక సెలవు తీసుకుంటాను.

ప్రసాద్, రేపు పొద్దున కొట్టు తీసే ముందు, తొమ్మిదింటికి, ఆ ఉత్తరం పంపుతాను. ఆమె పేరు కింద నీ పేరుకు చోటు వదిలిపెట్టాను. ఎనిమిదిన్నరకు కాఫీ పెడతాను.