ఏటా చౌడు పొయ్యాల్సిన మిద్దె

"అరే జమాల్! జమాలుద్దీన్! ఈడ రారా, నబీ సాబ్ నిన్నే అడుగుతాండాడు!"

గఫూర్ సాబ్ తన టీ అంగట్లోంచి కేక వేసేసరికి చేతిలో తాపీ అట్లే పట్టుకుని పరుగెత్తినాను. నబీ సాబ్ ఆదోనిలో పత్తి వ్యాపారి. ఆయన కొత్త ఇంటి గోడలు లేపింది నేనే. పైన సిమెంటు స్లాబు వేయించాలని ఆయన మనసు. స్లాబు వేసేవాళ్ళు కర్నూలు నుంచి వస్తారు, నాకు ఆ ఇంటితో పని తీరిపోతుంది. ఆయన కూతురు ఫాతిమున్నీసా ఒక మధ్యాహ్నం నాకు చెంబుతో నీళ్ళు అందించింది. ఆ చల్లదనం ఇంకా నా గొంతులోనే ఉంది.

"మట్టిమిద్దే మేలంటావంట, ఎందుకప్పా?" అన్నాడు నబీ సాబ్.

నేను నెమ్మదిగానే మొదలుపెట్టినాను.

"చాచా, యెమ్మిగనూరులో నేత గిడ్డయ్యకు మిద్దె ఏసింది నేనే. మూరెడు మందం మట్టిగోడలు, దూలాల మీద అడ్డంగా కట్టె దంతెలు, కంప, మన్ను, ఆ పైన వాననీళ్ళు దిగకుండా చౌడుమన్ను. మిద్దె నడిమికి గవాచి పెట్టినా. ఉడుకు గాలంతా ఆ కంతలోంచి పైకి పోతాది. ఎండాకాలంలో ఫ్యాను లేకుండానే నిద్రపోతాండారు."

"అది నిజమే," అన్నాడు గఫూర్ సాబ్.

ఆ ఒక్క మాటతో నాకు రెక్కలొచ్చినాయి.

"నిద్రేంది చాచా, రోహిణి కార్తెలో కంబళ్ళు కప్పుకున్నారు! గిడ్డయ్య మగ్గం ముందు వణికీ వణికీ, చీర అంచులో ఏనుగులు ఏస్తే అవి కూడా వణుకుతాండే ఏనుగులే పడినాయి. అట్లాంటి చీరలే కావాలని బళ్ళారి నుంచి షావుకార్లు వచ్చినారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏనుగులకు జలుబు చేసింటాది," అన్నాడు జయన్న. యెమ్మిగనూరుకూ ఆదోనికీ ఎద్దులబండి తోలే మనిషి, ఆ మూల బెంచీ మీద బీడీ కాలుస్తున్నాడు.

"నవ్వకన్నా! గవాచిలోంచి పోయే ఉడుకు గాలి ఎంత జోరంటే, ఒక గద్ద దాని మీద పండుకుని, రెక్క ఆడించకుండా దేవనకొండ దాకా పోయి వచ్చింది. కరెంటోళ్ళు వచ్చినారు, ఇల్లింత సల్లగుందే, కరెంటు యాడ దొంగిలించినారని. ఇల్లంతా ఎతికినా ఒక్క తీగ దొరకలేదు. వాళ్ళు కూడా ఆడనే చాపేసుకుని పండుకున్నారు."

"లేపినారా లేదా?" అన్నాడు గఫూర్ సాబ్.

"లేపేదెట్ల? అంతలోనే దూలాల కింద మబ్బు పట్టింది చాచా! మన ఊళ్ళో బావులెండిపోయిన ఏడు, గిడ్డయ్య వంటింట్లో వాన. గిడ్డయ్య పెండ్లాం సుగుణమ్మ గొడుగు పట్టుకుని రొట్టెలు కొట్టింది, అల్లా కసమ్!"

జయన్న బీడీ ఆర్పి లేచినాడు. "అప్పా జమాలూ, గిడ్డయ్య పొద్దున నా బండిలోనే వచ్చినాడు. దారంతా టవలుతో విసురుకుంటా, మిట్టమధ్యాహ్నం ఇంట్లో చెమటకు మగ్గం నూలు తడుస్తాందని ఏడ్చినాడు. ఆ మబ్బేదో ఒక ముక్క తెచ్చుకోరాదా?"

అంగడంతా గొల్లుమంది. నేను తల వంచుకున్నాను. నబీ సాబ్ మాత్రం నవ్వలేదు.

"మా అబ్బాజాన్ కట్టిన మట్టిమిద్దెలోనే పెరిగినా. సల్లగుంటాదని నాకు తెలీదా? దానికి ఇన్ని కోతలెందుకు? నా బాధ వేరే. ఏటా వానలకు ముందు మిద్దెక్కి చౌడు పొయ్యాల, లేకుంటే కారతాది. నాకు కొడుకుల్లేరు. ఎవురు పోస్తారు?"

"నేను పోస్తా చాచా!"

"ఈ ఏడు పోస్తావు. మళ్ళా ఏడు?"

"పోస్తా."

"నేను పోయినంక?"

"అప్పుడూ పోస్తా."

"అంత అక్కర నీకెందుకప్పా?"

గఫూర్ సాబ్ చేతిలో టీ గిన్నె గాల్లోనే ఆగింది. నాకు అబద్ధం ఒక్కటీ తోచలేదు.

"స్లాబు పడితే మీ ఇంటికి నన్నెవురూ మళ్ళా పిలవరు చాచా. మట్టిమిద్దైతే ఏటా ఒకసారన్నా వస్తా కదా అనుకున్నా. నాకు ఫాతిమున్నీసా అంటే ఇష్టం. నిఖా చేసియ్యండి."