కోడలు కట్టిన కుర్రాడి వేషం

కేప్‌టౌన్‌లో పాటల నాటకాలు ఆడే ఒక నాటకశాల. తెర లేవడానికి ఇంకాసేపే ఉంది. మేకప్ గదిలో వథిస్వా, ఆమెకి పాట నేర్పిన ఆరెండ్సె టీచరు. తలుపుకి లోపల గడియ. పెట్టుకున్నది వథిస్వాయే, పాపం.

"మళ్ళీ పాడు."

"రావట్లేదు టీచర్."

"రాకపోవడమేంటి? పొద్దున వచ్చింది కదా!"

"పొద్దున వాళ్ళింకా బస్సు దిగలేదు."

"వాళ్ళా? ఎవరు వాళ్ళు?"

"ఎవరూ లేరు. గొంతు ఆరిపోయింది, అంతే."

"వథిస్వా!"

"మా అత్తమ్మ, మామయ్య. ఉమ్తాటా నుంచి. మా ఆయన తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాడట. ముందే చెబితే భయపడతానని ఇప్పుడు చెప్పాడు, మహానుభావుడు."

"మంచిదే కదా! కోడలికి మొదటి పెద్ద వేషం."

"మంచిదా? నన్నోసారి చూడండి. ఒంటికి అతుక్కున్న ప్యాంటు. నెత్తిన గుడ్డ లేదు. మా ఇళ్ళలో కొత్త కోడలు మామగారి ఎదుట కింద దాకా పావడా కట్టుకోవాలి, తలకి గుడ్డ చుట్టుకోవాలి, ఆయన కేసి కన్నెత్తి చూడకూడదు. నేనేమో ఆయన ముందే ప్యాంటేసుకుని, ఇంకో ఆడపిల్లని వాటేసుకుని, ప్రేమ పాట పాడాలి!"

"మరి వాళ్ళకేం చెప్పావ్?"

"తల్లి వేషం అన్నా."

"అబద్ధం చెప్పావా!"

"ఏం చెయ్యను? చర్చిలో పై గొంతుతో హాయిగా పాడుకునేదాన్ని. 'నీది పై గొంతు కాదే పిచ్చిదానా, నడిమి గొంతు, మెజో' అన్నది ఎవరు? మీరు. మెజోలకి ఏ వేషాలిస్తారో చెప్పిందీ మీరే. తల్లులు, మంత్రగత్తెలు, మీసాలు రాని కుర్రాళ్ళు. తల్లి వేషం రాకపోతుందా అనుకున్నా. నా ఖర్మ, కుర్రాడి వేషమిచ్చారు..."

"సరే, సరే. ఏడిస్తే ఉన్న గొంతూ పోతుంది. గడ్డం ఎత్తు. ఊఁ, పాడు."

"ఆ... ఆ..."

"దించేశావ్! పెళ్ళయి వచ్చినప్పట్నుంచీ ఇదే గోల. గడ్డం దించితే గొంతు నొక్కుకుపోదూ?"

"నేను దించట్లేదు టీచర్, అదే దిగిపోతోంది. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మామయ్య చెప్పులే చూశాను, ముఖం చూడలేదు. ఇప్పుడాయన వైపే తిరిగి పాడాలంటే నావల్ల కాదు. వేరేవాళ్ళని పంపండి."

"పంపితే మళ్ళీ నిన్ను పిలుస్తారా? తెర లేచే ముందు పారిపోయిందని పేరొస్తే, ఏ నాటకశాల గడప తొక్కనిస్తుంది నిన్ను?"

"తెలుసు. తెలుసు టీచర్."

"ఉండు, ఎవరో తలుపు కొడుతున్నారు."

"తియ్యకండి!"

"నోఖాయా! ఒక్కసారి తలుపు తియ్యి తల్లీ!"

"నోఖాయ ఎవరు? గది తప్పి వచ్చినట్టున్నారు."

"నేనే టీచర్. పెళ్ళిలో అత్తింటివాళ్ళు పెట్టిన పేరు. దేవుడా, అత్తమ్మ వచ్చేసింది!"

"లోపలున్నావా? గ్విన్యా పిండి ఉండలు వేయించి తెచ్చా. వేడి పోయిందిలే గానీ, ఒక్కటి కొరుక్కో."

"వస్తున్నా అత్తమ్మా... అంటే, రాలేను... బట్టలు మార్చుకుంటున్నా!"

"నేనూ ఆడదాన్నేగా. తియ్యి."

"వద్దత్తమ్మా, తలనొప్పి..."

"తలనొప్పా, బట్టలా?"

"రెండూ!"

"చాల్లే వథిస్వా. ఇక్కడ కాకపోతే అక్కడ వేదిక మీద చూస్తుంది. నేను గడియ తీస్తున్నా."

"టీచర్, మీ కాళ్ళు పట్టుకుంటా, వద్..."

"రండమ్మా, లోపలికి రండి."

"అత్తమ్మా... అత్తమ్మా, క్షమించు. తల్లి వేషమని నేను..."

"ఎవరు నువ్వు?"

"నేనే అత్తమ్మా..."

"నన్ను అత్తమ్మా అనకు. నా కోడలు నెత్తిన గుడ్డ లేకుండా గడప దాటదు."

"కొంచెం వినండమ్మా, ఇది ఆమె పని, ఇందులో తప్పు..."

"మీరుండండి టీచరమ్మా. నేను ఈ పిల్లాడితో మాట్లాడుతున్నా."

"పిల్లా... పిల్లాడా?"

"కాదా మరి? ప్యాంటేసుకున్నావ్. కత్తి కట్టుకున్నావ్. బస్సు దిగగానే గోడ మీద నీ బొమ్మ నిలువెత్తున కనబడింది, ఇదే ప్యాంటుతో. మా ఆయన కంట పడకుండా పక్క సందులోంచి ఈడ్చుకొచ్చా. వచ్చి కూర్చున్నాక నెమ్మదిగా చెప్పా. ఇవాళ మన కోడలు పాడదట, ఎవరో కుర్రాడు పాడతాడట, అని."

"మరి... మామయ్య ఏమన్నారు?"

"మామయ్యేంటి? నీకేమవుతాడని? చాలాసేపు టోపీ తిప్పుకుంటూ కూర్చుని, 'కుర్రాడైతే సరేలే' అన్నాడు."

"ఆయన నమ్మారా?"

"నమ్మాడో లేదో నేనడగలేదు, నువ్వూ అడక్కు. అదుగో, గంట కొడుతున్నారు. వెళ్ళు."

"భయంగా ఉంది."

"నాకు లేదా? అందుకే చెబుతున్నా, విను అబ్బాయ్. పాడినంతసేపూ మా ఆయన ముఖంలోకి సూటిగా చూసి పాడు. గడ్డం దించావో, నా కోడలివని తెలిసిపోతుంది."