తూముకాడ పేరయ్య చూడని సంగతి

పేరయ్యని ఒకడుండేవాడు, పాల పేరయ్య. పొద్దున్నే సైకిలుకి చెరోపక్కా ఒక క్యాను తగిలించుకుని, కాలవ గట్టెంట పక్కూరి పాలకేంద్రానికి పొయ్యేవాడు. గట్టంటే ఎంతనుకున్నారు, ఇద్దరెదురుపడితే ఒకళ్ళు పక్కకి వొరగాల్సిందే. ఇటు కాలవ, అటు వరిమళ్ళు. ఆ గట్టు మీదే తూముకాడ పోలమ్మని ఒకామె పాక వేసుకునుండేది, నెల్లూరు దిక్కునించి బాతులు తోలుకొచ్చిన మనిషి. మొగుడు పొయ్యాడు, పిల్లల్లేరు. మూడొందల బాతులూ ఒక కుక్కా, అదే ఆమె సంసారం. కుక్క పేరు చుక్క. నక్కలు రాకుండా అదే కాపలా.

మొదటిరోజు ఏమైందంటే, పేరయ్య గబగబా తొక్కుకుంటా వస్తంటే చుక్క ఎంటబడిందంట. చక్రం తిరగటం చూస్తే కుక్కకి పిచ్చిగదా, మీకు తెలుసు. పేరయ్య బెదిరి కిందపడ్డాడు, ఒక క్యాను పాలు కాలవపాలయినయ్యి. పోలమ్మ పరిగెత్తుకొచ్చి, అయ్యో, దానికి సైకిళ్ళు కొత్తన్నా, నేను పట్టుకోవాల్సింది అనింది. ఇంకోడైతే బూతులు లంకించుకునేవాడు. పేరయ్య అట్టాంటోడు గాదు. మోకాలు దులుపుకుని, "నాదిగూడా తప్పేలే అమ్మా, గంట కొట్టకుండా మీదమీదకొచ్చా" అన్నాడంట. ఆపొద్దునించీ ఇద్దరికీ ఒక ఒప్పందం అనుకోండి. తూముకి ఇంకా ఇవతల, తాటిచెట్లకాడే వీడు గంట కొడతాడు. ఆమె చుక్కని పిలిచి, మెడతాడు పట్టుకుని మడి పక్కకి జరుగుద్ది. వీడు దిగి, సైకిలు నడిపించుకుంటా కాలవ పక్కనించి పోతాడు. "పట్టుకున్నావా పోలమ్మా?" "పట్టుకున్నా, పో అన్నా." రెండేళ్ళు, ఒక్కరోజు గొడవ లేదు. వీణ్ణి చూస్తే చుక్క తోకాడించేది గూడా.

ఇట్టా ఉండగా మా ప్రెసిడెంటుగారి అల్లుడు పట్నంనించి దిగాడు. పెద్ద ఉద్యోగం, వొళ్ళు తగ్గాలని గేర్ల సైకిలు తెచ్చుకున్నాడు. చెవుల్లో పాటలు పెట్టుకుని గట్టు మీద ఝామ్మని పొయ్యేవాడు. గంట కొట్టడు. గంటుంటేగా కొట్టటానికి! పోలమ్మ ఒకసారి అడిగిందంట, అయ్యా, ఒక కేకన్నా వెయ్యండి, కుక్కని పట్టుకుంటా అని. "గట్టు మీ అబ్బదా?" అనేసి పొయ్యాడంట.

ఒక తెల్లారి ఏమైందంటే, పేరయ్య దిగి సైకిలు నడిపిస్తన్నాడు, పోలమ్మ రెండు చేతుల్తో చుక్క మెడతాడు పట్టుకుని నిలబడుంది. బాతులు గట్టు దాటతన్నయ్యి. ఎనకమాలనించి అల్లుడు దూసుకొచ్చాడు. బ్రేకు నొక్కాడు, బురద, జర్రున జారి పడ్డాడు. మణికట్టు విరిగింది. చక్రం కింద బాతొకటి చచ్చింది. కుక్కంటారా, మొరిగింది, అంతే. పోలమ్మ చేతుల్లోంచి అంగుళం కదల్లా. పేరయ్య మూడడుగుల దూరాన నిలబడి కళ్ళారా చూశాడు. అల్లుడు మాత్రం ఇంటికిపోయి, కుక్క నా మీదకి దూకింది అని చెప్పాడు.

పంచాయితీ బడి అరుగు మీద. దానికి ముందే పేరయ్యకి పెళ్ళాం చెప్పిందంట, "మన గేదెలు తినేది ఎవురి పొలంగట్ల గడ్డో గేపకం పెట్టుకో. నీ నోటి దురదకి వాటిని ఎండగడతావా?" అని. ప్రెసిడెంటుగారు అడిగారు: "ఏం పేరయ్యా, నువ్వక్కడే ఉన్నావంట. కుక్క దూకిందా లేదా?" పోలమ్మ వీడి మొహం వంకే చూస్తంది. ఆమెకి బెదురు లేదు, అన్న ఉన్నాడుగదా అని ధైర్యం. పేరయ్య తువ్వాలు తీశాడు, మొహం తుడుచుకున్నాడు, మళ్ళీ భుజానేసుకున్నాడు. "క్యాన్లు సర్దుకుంటా ఉన్నానయ్యా. సరిగ్గా చూళ్ళేదు."

ఆ మజ్జానమే ప్రెసిడెంటుగారి పాలేళ్ళు కర్రలు తీసుకుని గట్టు మీదకి పొయ్యారు. నలుగురు. ఆమె పట్టుకున్న తాడు పట్టుకున్నట్టే ఉంది, కుక్కని కొట్టి చంపారు. వొదిలిపెట్టినా పారిపోయి బతికేదేమో, పిచ్చిముండ, కుక్కని వొదలొద్దని పంచాయితీలో జనం చెప్పారని గట్టిగా పట్టుకునుంది.

పొద్దుగూకేలోపల పేరయ్య తూముకాడికి పొయ్యాడంట. పోలమ్మ పాక పీకతంది. వీడు నిలబడ్డాడు, గుంజ పీకటానికి చెయ్యెయ్యబొయ్యాడు. ఆమె వొద్దంది. "తప్పైపోయింది పోలమ్మా" అన్నాడు. ఆమె ఏడవలా, తిట్టలా. "దానికైతే మాట రాదన్నా. నీకేమయ్యింది?" అని, బాతుల్ని తోలుకుని గట్టెంట ఎల్లిపోయింది. పేరయ్య ఆ తర్వాత రోడ్డెంట పొయ్యేవాడు. రెండు మైళ్ళు చుట్టు. ఎందుకురా అంటే, గట్టు బురదగా ఉంటంది అనేవాడు, ఎండాకాలంలో గూడా.

గట్టు మీద బోర్డు పెట్టారు, కుక్కల్ని తేరాదని. ఆ యేడే అదే తూముకాడ ఇంకో ఇద్దరు సైకిళ్ళ మీద ఎదురెదురుగా గుద్దుకుని కాలవలో పడ్డారు. అప్పుడు ఏ కుక్క దూకిందో ఎవురూ అడగలా.

పేరయ్యని తిట్టుకుంటన్నారు గదా మీరంతా? తిట్టండి. అల్లుడెట్టా తొక్కుతాడో, పేరయ్య గంటెక్కడ కొడతాడో తెలియనోడు ఆ పంచాయితీలో లేడు. నలభై మందిమి. నేను ముందు వరసలోనే కూర్చోనున్నా. పోలమ్మ ఈ దిక్కుకి మళ్ళీ రాదు గాబట్టి ఇంత బాగా చెబుతన్నా. ఆమె ఈ గుంపులో ఉంటే, నేనూ సరిగ్గా చూళ్ళేదనే అందును.