హాతీరాం సార్ షిఫ్ట్ పంచాయితీ

ఏందే శ్రావణీ, ఆ కీబోర్డును గట్ల కసిగ కొడుతున్నవ్? అన్నీ పెద్దక్షరాలే పడుతున్నయా? ఎడమ పక్క లాక్ పడ్డదేమో చూడు. ఆఁ, చూసినవా! మీ అమ్మమ్మకు ఇంగ్లీషు రాదు గని గీ ముచ్చట మాత్రం ఎరుకే. ఎట్లంటవా? హాతీరాం సార్ పుణ్యం బిడ్డా. నువ్వు పుట్టకముందే పోయిండు మహానుభావుడు. జర ఆపి గిటు తిరుగు, చెప్త.

భద్రాచలంల ఆయనకు టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండె. రేకుల షెడ్డు, తొమ్మిది మిషన్లు. వాన పడితే ఏది వాన చప్పుడో ఏది టైపు చప్పుడో తెల్వకపోవు. తండాల పుట్టి, ఎక్కడ నేర్చిండో ఏమో, గోదారి ఇవుతల సగం ఆఫీసులల్ల ఆయన కాడ నేర్చిన పిల్లలే. మనిషి సాధువే గని మిషన్ కాడ యముడు. కీలు కనబడొద్దని పిల్లల చేతుల మీద తువ్వాల కప్పేటోడు. "కండ్లు కాయితం మీద! తల ఎత్తినవా, తప్పు పడ్డట్టే!" మీ అమ్మ హైమ రెండేండ్లు గా తువ్వాల కిందనే నేర్చింది. ఎందుకంటవా? మీ తాత డ్యూటీల ఉండంగనే పాయె. ఆయన నౌకరి బిడ్డకిస్తమన్నరు, టైపు పరీక్ష పాసైతేనే. ఒక్కటే పరీక్ష. తప్పితే ఇగ లేదు, సర్కారు క్వార్టర్ కూడ ఖాళీ చెయ్యాలె. పర్ణశాలకు నడిచి వస్తనని ఆ సీతమ్మ తల్లికి మొక్కుకున్న. నడిచిన కూడ, కాళ్ళు బొబ్బలెక్కినయ్, అది వేరే కథ.

ఏం చెప్తున్న? ఆఁ, పరీక్ష. రెండువేల మూడు, ఎండకాలం. ఖమ్మంల. మాకు తోడు సార్ కూడ బస్సెక్కిండు. హాల్ల చూస్తే ఒక్క మిషన్ లేదు, అన్నీ కంప్యూటర్లు! మీ అమ్మ పరేషాన్. "కీలు అవే గద బిడ్డా, భయమేంది" అన్నడు సార్. కీలు అవే, గుణం వేరు. మిషన్ మీద హెడ్డింగు పెద్దక్షరాలల్ల పడనీకి లాక్ వేస్తరు, అయినంక షిఫ్ట్ ఒక్కపాలి తడితే లాక్ టక్కున ఊడుతది. కంప్యూటర్ మీద గట్ల కాదట, మల్ల ఆ లాకునే నొక్కాలెనట. మీ అమ్మ షిఫ్ట్ తట్టింది, తల ఎత్తకుండ పది నిమిషాలు వాయించింది. చూస్తే పేజీ నిండ పెద్దక్షరాలు! పేర్ల కాడ షిఫ్ట్ పట్టుకొని కొట్టింది గద, గక్కడ మొదటిది చిన్నక్షరం, మిగిలినయి పెద్దయి. నవ్వకే, ఆనాడు నా పానం పోయింది.

ఆఫీసరు "ఫెయిల్" అన్నడు. కిటికీ కాడ ఉన్న సార్, చెప్పులిడిచి సీదా లోపటికే పోయిండు. "సార్, షిఫ్ట్ తడితే లాక్ ఊడుతదని ముప్పయ్యేండ్లు నేర్పినోణ్ణి నేను. తప్పు పిల్లది కాదు, నాది. నన్ను ఫెయిల్ చెయ్యుండ్రి." ఆఫీసరేమో, "పెద్దాయనా, కంప్యూటర్ రూలే గంత!" "రూలా? ఎవరు పెట్టిండ్రు, ఏడ రాసిండ్రు, చూపియ్యుండ్రి!" గట్ల గొంతు లేపంగ నేనెన్నడు వినలే. ఆ కంప్యూటర్లు చూసుకునే పిలగాడు వాసు, గీ లొల్లికి గాబరాపడి ఏవేవో తెరిచి చూసిండు. "సార్, సార్! గీడ రెండు తీర్లున్నయ్. లాక్ తీసేది లాకుతోనా, షిఫ్టుతోనా, మనిష్టమట!" ఆఫీసరు కండ్లద్దాలు తీసి తుడుచుకొని మల్ల పెట్టుకొని చదివిండు. "సరే, షిఫ్టుకు మార్చు. ఇంకో పది నిమిషాలిస్తున్న. మల్ల నన్నడగొద్దు."

రామయ్య తండ్రీ, అవి పది నిమిషాలా, పది జాములా! నేను వరండాల రామ రామ అనుకుంట కూసున్న. సార్ మాత్రం బయటికొచ్చి మల్ల లోపటికి చూడలే, గోడ దిక్కు తిరిగి నిలబడ్డడు. మీ అమ్మ బయటికొచ్చింది. "లాక్ వదిలిందా బిడ్డా?" "వదిలింది సార్." ఫలితం పదిహేను దినాలకొచ్చె గని, మాకు గా మాటతోనే నౌకరొచ్చినట్టాయె. సార్ అక్కడనే మెట్ల మీద కూలబడ్డడు. చూస్తే ఆయన పది వేళ్ళు మోకాళ్ళ మీద ఇంకా టైపు కొడుతనే ఉన్నయ్. నేనే పోయి ఆ చేతులు పట్టుకొని, "అయిపోయింది సార్, ఇగ చాలు" అన్న. అప్పుడు ఆగినయ్...