ఖాళీ కుర్చీ ముందున్న మైకు

నా పేరు, ఇంటి చిరునామా ముందే రాసుకున్నారు. వయసు యాభై ఎనిమిది. భౌతికశాస్త్రంలో డిగ్రీ చదివాను. టీవీ ఛానల్లో సౌండ్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. నిన్న సాయంత్రం లోపలికి వెళ్లే కార్డు తీసేసుకున్నారు కాబట్టి ఇంకా పనిచేస్తున్నానో లేదో నాకు తెలియదు. నా భార్య పోయిన వర్షాకాలంలో చనిపోయింది. పిల్లలు లేరు.

నిన్న మధ్యాహ్నం పన్నెండున్నరకు మా చర్చా కార్యక్రమం ఆఖరిసారి వచ్చింది. దాని చివరి అర నిమిషంలో మా ప్రోగ్రామ్స్ హెడ్ అన్న మాటలు ప్రసారమయ్యాయి. నేనూ, యాంకర్ అమ్మాయీ కూడబలుక్కుని కక్షతో చేశామని ఆయన మీ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చారు. ఆయన్ని మేమంతా కొత్తసారు అంటాం. వచ్చి నాలుగేళ్లయింది, ఇంకా కొత్తసారే.

ఆ కార్యక్రమం మొదలుపెట్టిందీ, యాంకర్‌గా నడిపిందీ నా భార్యే. నీళ్లు, రోడ్లు, ఆసుపత్రులు, బడులు, ఇవే విషయాలు. మధ్యాహ్నం పూట ఎవరు చూస్తారని అప్పట్లో ఆఫీసంతా నవ్వింది. రాత్రి డ్యూటీ చేసి అప్పుడే లేచినవాళ్లు, కొట్టు కట్టేసి అన్నానికి వచ్చినవాళ్లు, మంచం దిగలేని పెద్దవాళ్లు చూస్తారు అంది. చూశారు.

ఆవిడ ఒక పద్ధతి పెట్టింది. ఈ కేసంతా దాని మీదే ఉంది కాబట్టి చెబుతున్నాను. పిలిచిన అధికారి రాకపోతే ఆయన కుర్చీ తీసేయకూడదు. ముందు మైకు ఉండాలి, గ్లాసు నీళ్లు ఉండాలి. నీళ్లు తనే పోసేది. చివర్లో ఆ కుర్చీని ప్రశ్న అడిగి, లేచి వెళ్లిపోయేది. ఆ తర్వాత అర నిమిషం కెమెరా ఖాళీ కుర్చీ మీద ఉంటుంది, మైకు తెరిచి ఉంటుంది. సంగీతం లేదు. మైకు ఎందుకు, కట్టేస్తే పోదా అని ఒకసారి అడిగాను. "కట్టేస్తే అది మనం చేసిన నిశ్శబ్దం అవుతుంది. వాళ్ల నిశ్శబ్దం వినబడాలి" అంది. ఆ అర నిమిషంలో మామూలుగా ఏసీ చప్పుడు వెళ్లేది. ఒకసారి కెమెరామన్ తుమ్మాడు, అదీ వెళ్లింది. ఆ మైకు మీట నా చేతి కింద ఉంటుంది; పైకి తోస్తే మాట బయటికి వెళ్తుంది, దించితే ఆగిపోతుంది. ప్రసారం అయ్యాక ఆ గ్లాసు నీళ్లు నేను తాగేవాణ్ణి. ఇది కేసుకు అనవసరం అని మీరన్నారు. అయినా రాయమన్నాను.

ఆవిడ పోయాక, ఆవిడ దగ్గరే పని నేర్చుకున్న అమ్మాయి యాంకర్ అయింది. ఆవిడని అక్కా అనేది, నన్ను బావగారూ అంటుంది. పద్ధతి మార్చలేదు.

పోయిన సోమవారం కొత్తసారు మీటింగు పెట్టి కార్యక్రమం ఆపేస్తున్నాం అన్నారు. ఆ టైములో ఇంటి సామాన్లు అమ్మే ప్రోగ్రాం వస్తుందట. "చూసేవాళ్లు లేరు. నాకూ బాధగానే ఉంది" అన్నారు. మా ఫ్లోర్ మేనేజరు లావుగా ఉంటాడు, అందుకని బక్కోడు అంటాం. వాడు నా చెవిలో, "బాధ ఎక్కువైనట్టుంది అన్నయ్యా, కొత్త చొక్కా కూడా వేసుకొచ్చాడు" అన్నాడు. నేను నవ్వలేదు. వీడ్కోలు మాటలు వద్దని, నా భార్య ఫోటో వేయొద్దని కొత్తసారు చెప్పారు. చివర్లో ఆ కుర్చీ గోల వద్దు, దాని బదులు కొత్త ప్రోగ్రాం ప్రకటన వేయండని చెప్పారు. ఇది తెర మీద బొమ్మ వేసే విభాగం వాళ్లకు చెప్పారు. సౌండుకు ఎవరూ చెప్పలేదు. ఆయన లెక్కలో టీవీ అంటే బొమ్మే.

నిన్న నీటి సరఫరా అధికారిని పిలిచారు. కుళాయిల్లో పచ్చగా వస్తున్న నీళ్ల గురించి. ఆయన రాలేదు. గ్లాసులో నీళ్లు అమ్మాయి పోసింది. బల్ల మీద కొంచెం ఒలికితే చున్నీతో తుడిచింది. చివర్లో కుర్చీ వైపు తిరిగి, "ఈ నీళ్లే మీ ఇంట్లో కూడా తాగుతున్నారా సార్?" అని అడిగింది. తన మైకు తీసేసి బయటికి వెళ్లిపోయింది. తలుపు దాటడం నేను నా కంట్రోల్ రూం అద్దంలోంచి చూశాను. ఆ తర్వాత జరిగినదానికీ ఆ అమ్మాయికీ సంబంధం లేదు. ఈ వాక్యం కింద గీత పెట్టమని కోరాను.

తెర మీద ప్రకటన బొమ్మ వచ్చింది. నేను రోజూలాగే కుర్చీ ముందున్న మైకు మీట పైకి ఉంచాను. అప్పుడు కొత్తసారు, ప్రకటనల విభాగం ఆయనతో కలిసి స్టూడియోలోకి వచ్చారు. ప్రసారం నడుస్తోందని చెప్పే ఎర్రదీపం గుమ్మం మీద వెలుగుతూనే ఉంది. బక్కోడు పెదాల మీద వేలు పెట్టి చూపించాడు. "అయిపోయిందిగా, ఇంకా ఏం డ్రామా" అని కొత్తసారు ఆ కుర్చీలోనే కూర్చున్నారు. బయటికి వెళ్లిన మొదటి మాట అది.

ప్రకటనలాయన అడిగాడు: "నిజంగానే చూసేవాళ్లు లేరా సార్? మా అమ్మయితే ఒక్క రోజు కూడా వదలదు."

కొత్తసారు అన్నారు: "మీ అమ్మేం ఖర్మ, అందరి అమ్మలూ చూస్తున్నారు. చూడకపోతే తీసేయాల్సిన పనేముందయ్యా? ఈ నీళ్ల చర్చలు ఆపకపోతే ఆ పైపుల కంపెనీ వాళ్లు మనకిచ్చే ప్రకటనలు ఆపేస్తామన్నారు. జనానికి రేటింగ్ లేదని చెబుదాం, నమ్ముతారు. టీవీలో చెబుతాంగా."

నవ్వారు. గ్లాసులో నీళ్లు తాగారు.

అర నిమిషం అయింది. మీట దించేశాను.

ఆ తర్వాత ఆయన ఇంకో మాట అన్నారు. అది బయటికి వెళ్లలేదు. మీట దించినా నా హెడ్‌ఫోన్‌లో వినబడుతుంది. "ఆవిడ సరైన టైముకి పోయింది, లేకపోతే ఇంకో రెండేళ్లు మన నెత్తిన కూర్చునేది" అన్నారు. నేను కక్షతో చేశానని ఫిర్యాదులో ఉంది. ఆ మాట అన్నప్పుడు నా వేలు ఇంకా మీట మీదే ఉంది. పైకి తోయలేదు. అర నిమిషం అయిపోయింది కాబట్టి తోయలేదు.

ఈ ఉదయం కంపెనీ లాయరు ఇక్కడికే వచ్చారు. "మైకు ఎవరు తెరిచి ఉంచారో నాకు తెలియదు అని ఒక్క మాట అనండి మాస్టారూ. ఫిర్యాదులోంచి మీ పేరు తీసేస్తారు, రిటైరయ్యేదాకా ఉద్యోగం ఉంటుంది" అన్నారు. మరి అమ్మాయి సంగతి అడిగాను. ఎవరో ఒకరు చేసి ఉండాలి కదా అన్నారు. ఆ అమ్మాయికి ముప్పై ఏళ్లు లేవు. ఈ కేసు మీద పడితే ఇంకే ఛానలూ గుమ్మం ఎక్కనివ్వదు. మీరు కూడా మంచికే అడిగారు: "పెద్దవారు. చెయ్యి జారింది అంటే సరిపోతుంది కదండీ?"

చెయ్యి జారలేదు. ఆయన ఆ కుర్చీలో కూర్చోవడం చూశాను. మాటలు జనానికి వెళ్తున్నాయని తెలుసు. దించడానికి వ్యవధి ఉంది. దించలేదు. అమ్మాయి చెప్పలేదు, బక్కోడు చెప్పలేదు. ఆ కుర్చీ దగ్గర ఏం వినబడితే అది వెళ్లాలని నా భార్య చెప్పింది. కార్యక్రమం రద్దు చేశారు. ఆ మాటని రద్దు చేస్తున్నామని నాతో ఎవరూ అనలేదు. అన్నా వినేవాణ్ణి కాదు.

మా ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి అడగాలని కొత్తసారును పదకొండింటికి రమ్మన్నారు. ఇప్పుడు రెండు దాటింది. నా ఎదురుగా ఆయన కోసం వేసిన కుర్చీని మీ కానిస్టేబుల్ రెండుసార్లు తీసేయబోయాడు. ఉంచమన్నాను. నా ముందున్న నీళ్ల గ్లాసు దాని ముందుకు జరిపాను.

ఇదంతా చదివి వినిపించారు. ఒక చోట "పొరపాటున" అని ఉంటే కొట్టేయించి, పక్కన పొట్టి సంతకం చేశాను. మిగతాదంతా నేను చెప్పినట్టే ఉంది, జరిగినట్టే ఉంది. నన్నెవరూ బెదిరించలేదు. బతిమాలారు.

(సంతకం)