నాన్న వేసిన ముడి

వాకాడులో కంప్యూటర్ సెంటర్ నడుపుతున్న సుభాషిణికి గురవమ్మ ఒక పాత పెళ్లి సీడీ అందించింది. ఆ పెళ్లి రోజు వీడియో తీసినవాళ్లు పందిరి పక్కన వల అల్లుతున్న గురవమ్మ తండ్రిని కూడా ఒక నిమిషం తీశారు. ఆయన పోయాక, ఆయన వేసే జారని ముడి ఊళ్లో ఎవరికీ రాలేదు. పెద్ద చేప పడితే దారం తెగకుండానే ముళ్లు జారి వలలు విడిపోతున్నాయి.

“ఇంట్లో పెడితే అసలు తిరగలేదమ్మే,” అంది గురవమ్మ.

“ఈ కంప్యూటర్లో తిరుగుతాది అక్కా. గీతలు పడినా ఆడిస్తాది. ఇదిగో!”

“మా నాయనే! ఆ చెయ్యి చూడు... అయ్యో, అప్పుడే అయిపోయిందే!”

“ఉండు, వేగం పావు వంతుకి తగ్గిస్తా.”

“అయినా వేళ్లు కనపడకుండా పోతాండాయి.”

“అయితే ఈ మీట నొక్కు. నొక్కినప్పుడల్లా ఒక్కో బొమ్మే కదుల్తాది. వేళ్ల కాడ పెద్దది కూడా చేసినా, చూడు.”

“ఓరి నాయనో! దారం బొటనవేలి కింద నుంచి పోతాండాది! మేమంతా ఇన్నేళ్లూ పైనుంచి వేస్తాండాం.”

“ఆ ముడి మొదలూ చివరా గుర్తు పెట్టినా. ఆపేదాకా అదే మళ్లీ మళ్లీ వస్తాది.”

గురవమ్మ సంచిలోంచి దారం తీసింది. వేసిన ముడి నాలుగుసార్లు జారిపోయింది. అయిదోసారి గట్టిగా లాగినా ముడి కదల్లేదు.

“ఎంత మంచిదమ్మే ఇది!” అంది ఆమె, కళ్లు తుడుచుకుంటూ. “ఆడపిల్లకి ఇదెందుకని మా నాయన అటు తిరిగి ముడేసేవాడు. ఇప్పుడు చూడు, ఎన్నిసార్లు అడిగినా చూపిస్తాండాడు.”