ఎడమచేతి ముడి

పరిశోధన కేంద్రంలో కాయలు కొట్టే గది. కూతురు తక్కెడ ముందు కూర్చుని బీడుచెట్టు గింజలు తూస్తోంది. తల్లి ఎండలో నడిచొచ్చి, రొప్పుతూ గుమ్మంలోనే నిలబడింది.

"అదేమిటే, చేతులకి తొడుగులేవీ? ఆ కాయ జిగురు ఒంటికి పడకపోతే వేళ్లు ఊడి చేతికొస్తాయి!"

"చిన్నప్పట్నుంచీ తింటున్న కాయేనమ్మా. వేళ్లేం ఊడవు. ఇంత ఎండలో ఎందుకొచ్చావ్?"

"ఏదైనా అయితేనే రావాలా? దారిలో పసుప్పచ్చటి బండొకటి ఎదురొచ్చింది, ముందు ఇంత పొడుగు చెయ్యేసుకుని. నా పని అయిపోయిందనే అనుకున్నా. గట్టెక్కి నించున్నా. అది తిన్నగా మీ పిన్నివాళ్ల సందులోకి తిరిగింది."

"అప్పుడే వచ్చేసిందా?"

"ఇంకో అంతస్తు లేపుతున్నట్టున్నారు. లేపుకోనీ. మొగుడున్న మనిషి, సాగుతుంది. నాకేం కుళ్లు?"

"కుళ్లని ఎవరన్నారు?"

"అనబోయావ్. నీ మొహం నాకు తెలీదూ? సరే గానీ, ఈ రెండు కుప్పల్లో మన చెట్టుదేది, వాళ్ల చెట్టుదేది?"

"మనది ఎడంవైపుది."

"పప్పు ఎవరిది ఎక్కువొచ్చింది?"

"మనదే. పప్పూ మనదే ఎక్కువ, నూనే మనదే ఎక్కువ. కాళ్ల పగుళ్లకి రాసి చూసినదీ మన చెట్టు నూనే. చాలా?"

"చూశావా! నాకు తెలుసు. ఎప్పుడో తెలుసు. మరి మనది గెలిచాక దానికెందుకూ?"

"దేనికెందుకు? ఏం చెప్పాలనుకుంటున్నావో చెప్పమ్మా, ఇవి సాయంత్రంలోపు తూచాలి."

"మీ పిన్ని దొంగతనం చేసింది."

"పిన్నా?"

"పిన్నే. మన చెట్టుకున్న ఎర్ర రిబ్బను విప్పుకుపోయింది. పొద్దున్న లేచి చూస్తే లేదు. గోడ మీంచి తొంగిచూస్తే దాని చెట్టుకి వేలాడుతోంది, పెళ్లికూతురి జడలో పువ్వులాగా."

"ఆగాగు. మన చెట్టుకి రిబ్బనెక్కడిది? అది పిన్నివాళ్ల చెట్టుకి కదా ఉండాలి?"

"ఉండేదేమో. గాలికి ఊడొచ్చింది."

"ఊడొచ్చి, గోడ దాటి, మన చెట్టుకి తనే ముడేసుకుందా?"

"నిన్న పెద్ద గాలే వీచింది."

"అమ్మా."

"ఏం?"

"నువ్వు మార్చావా?"

"మారిస్తే మార్చాను! నిన్న మధ్యాహ్నం వాళ్లు కునుకు తీస్తుంటే వెళ్లి విప్పుకొచ్చాను. ఏం, ఉరి తీస్తారా? తీస్తారేంటే? గవర్నమెంటు రిబ్బనా అది?"

"ఎందుకు చేశావమ్మా?"

"ఎందుకా? బీడులో తనంత తాను మొలిచే చెట్టుని పనిగట్టుకుని నాటి, నీళ్లు పోసి పెంచిన మనిషి మీ నానమ్మ ఒక్కతే. పెద్దకొడుకు పుడితే ఒకటి, చిన్నకొడుకు పుడితే ఒకటి. ఈ సంగతి నీకు చెప్పిందెవరు? నేను. నువ్వెళ్లి మీ పెద్దసారు దగ్గర, 'వయసు తెలిసిన చెట్లు దొరికాయండీ' అని మెప్పు కొట్టేశావ్. తీరా రిబ్బను కట్టే వేళకి మీ బాబాయి చెట్టా? మీ నాన్న చెట్టుకేం తక్కువ? మనిషి పోయాడని చెట్టుకి కూడా మర్యాద పోయిందా?"

"అది కాదమ్మా..."

"మరేది? పది రోజుల్నుంచీ చూస్తున్నా. ఇక్కణ్ణుంచి తిన్నగా ఆ ఇంటికే. టీ అక్కడే, గుసగుసలక్కడే. నేను బయటికొస్తే ఇద్దరూ టక్కున మాట మింగేస్తారు. ఇంటికొచ్చేసరికి నీకు తలనొప్పి. దాని దగ్గర రాని తలనొప్పి నా దగ్గరే వస్తుంది నీకు. రేపు ఈ నూనె సీసాలకెక్కితే పైన దాని ఫొటో వేస్తారు. నేను కొనుక్కుని, ఆ మొహం చూస్తూ కాళ్లకి రాసుకోవాలి."

"ఆ రిబ్బను దేనికి కడతారో నీకు తెలుసా అసలు?"

"తెలీకేం? గెలిచినదానికి కడతారు."

"పెకలించేదానికి కడతారు."

"ఏం చేసేదానికి?"

"వేళ్లతో సహా పెకలించేదానికి. చినుకు లేని ఏడు కూడా ఈ చెట్టు ఎలా కాస్తోందో, ఎంత లోతు నుంచి నీళ్లు తాగుతోందో చూడాలంటే వయసు తెలిసిన చెట్టునొకదాన్ని తవ్వి తియ్యాలి. నువ్వు చూసిన బండి అందుకే వచ్చింది. తవ్వేవాళ్లకి ఎవరి పెరడైతేనేం? రిబ్బనున్న చెట్టు తీసేసి పోతారు."

"అయ్యో... అయ్యయ్యో. నేను దాన్ని తీసుకెళ్లి... నా చేతుల్తో..."

"కూర్చో. ఇదిగో, నీళ్లు తాగు."

"మన చెట్టుకే ఉండిపోయుంటే?"

"ఈపాటికి సగం తవ్వేసుండేవాళ్లు."

"నా గుండె చూడు, ఎలా కొట్టుకుంటోందో. చచ్చిపోతానేమోనే. మరి... ఇది మీ పిన్నికి తెలీదూ?"

"తెలుసు. అన్నీ తెలుసు."

"తెలిసే మళ్లీ తన చెట్టుకి కట్టుకుందా? పిచ్చా దానికి? చూడనట్టు ఊరుకుంటే దాని చెట్టు దానికి మిగిలేది. నేనైతే..."

"నువ్వైతే?"

"నేనైతే ఏంటిలే. నా సంగతి వదిలెయ్. అదే కట్టిందని చూడగానే తెలిసింది. ఎడమచేతి ముడి. కాపురానికొచ్చిన కొత్తలో బట్టలారేసే తాడుకి కూడా అలాగే వేసేది. అది ముడేస్తే ఇంకొకళ్లకి ఊడిరాదు. నిన్న కూడా విప్పలేక రెండు గోళ్లు విరిగాయి నాకు."

"నిన్న కూడానా?"

"ఆ, అదే ముడి. అదేమిటే... నిన్నటికి అక్కడున్నది నువ్వు కట్టింది కదా? నీది కుడిచేతి వాటమాయె."

"ఈ కుప్ప పక్కకి జరుపుతావా కాస్త?"

"కుప్ప సంగతి తర్వాత. తక్కెడకేసి చూస్తావేం? నాకేసి చూడు. మొదట రిబ్బను కట్టింది నువ్వా, కాదా?"

"నేనే. నాన్న చెట్టుకి కట్టానమ్మా. పాతదే కావాలన్నారు పెద్దసారు. నీకు చెప్పే ధైర్యం లేక, నువ్వు ఆసుపత్రికెళ్లిన రోజు చూసి కట్టేశాను. నువ్వొచ్చేలోపు పిన్ని గోడ దూకొచ్చి విప్పుకుపోయింది."